88 నుంచి 95: అమెరికా ఇంజన్‌కి బోరు కొట్టిన కథ

ఈ ఎపిసోడ్‌లో మాట్లాడిందాన్నే కొంచెం సర్ది ఇక్కడ రాస్తున్నా. డ్యూటీలో ఇయర్‌ఫోన్ పెట్టుకోవడం కుదరనివాళ్ళు రూముకెళ్ళాక తీరిగ్గా చదువుకోవచ్చు.

ఈసారి కథ ఒక వాయిస్ మెసేజ్‌తో మొదలైంది. డల్లాస్ నుంచి ఒక తమ్ముడు పంపాడు. "అన్నా, ఒక పాత హార్లీ టూరింగ్ బండి కొన్న, 88 ఇంజన్. ఒక్కణ్ణే పోతే మంచిగనే ఉంటది. ఇంటామెను ఎక్కించుకొని, డబ్బాలు నింపుకొని కొలరాడో గుట్టలెక్కితే మాత్రం పికప్ చచ్చిపోతున్నది. ఇంజన్ కొంచెం పెంచొచ్చు అంటున్నరు. పెంచొచ్చా? పెంచితే కేసేమన్న అయితదా? వీసా మీదున్నోణ్ణి, అందుకే అడుగుతున్న."

రెండు ప్రశ్నలు. ఒకటి మెకానిక్‌ది, ఇంకొకటి చట్టానిది. ఈ రెండూ అమెరికాలో డెబ్బై ఎనభై ఏళ్ళుగా కలిసే నడుస్తున్నాయి. బండి నాది, డబ్బు నాది, మరి లోపల ఉన్న ఇంజన్ విప్పే హక్కు ఎవరిది? కొన్నవాడిదా, తయారుచేసిన కంపెనీదా, పొగ పీల్చే ఊరిదా? అసలు గొడవ ఇదే.

మన దగ్గర బోరు అంటే

మా నాన్నకి ఒక బుల్లెట్ ఉండేది. నేను ఏడో తరగతిలో ఉండగా అది నీలం పొగ వదలడం మొదలుపెట్టింది. మెకానిక్ సైలెన్సర్ దగ్గర చెయ్యి పెట్టి చూసి, "బోరుకొచ్చింది సార్" అన్నాడు. సిలిండర్ విప్పి గోనెసంచిలో చుట్టి ఇస్తే, నాన్నా నేనూ బస్సులో కరీంనగర్ తీసుకెళ్ళి లేత్ షాపులో బోరు కొట్టించి, ఓవర్‌సైజ్ పిస్టన్ వేయించుకొచ్చాం. తర్వాత కొన్ని వారాలు నాన్న బండిని కొత్త కోడలిని చూసుకున్నట్టు మెల్లగా నడిపాడు.

ఆ పని వల్ల బండికి బలం పెరిగిందా అంటే, లెక్క చూడండి. పాత 350 బుల్లెట్ సిలిండర్ వెడల్పు 70 మిల్లీమీటర్లు, పిస్టన్ కిందికీ పైకీ తిరిగే దూరం 90 మిల్లీమీటర్లు. వెడల్పుని బోరు అంటాం, దూరాన్ని స్ట్రోక్ అంటాం. లెక్కేస్తే 346 సీసీ. అర మిల్లీమీటరు బోరు కొట్టిస్తే 351 అవుతుంది. అంటే పెరిగింది అయిదు సీసీ! మన దగ్గర బోరు కొట్టించేది అరిగిన ఇంజన్‌ని బతికించుకోడానికి, అంతే.

అమెరికాలో అదే లేత్, అదే పని. కారణం మాత్రం వేరు. బాగున్న ఇంజన్‌నే తీసుకుని, ఇంకొంచెం లాగమని అడిగారు.

బరువు పెరిగింది, బలం కావాల్సొచ్చింది

1936లో హార్లీ డేవిడ్సన్ 61 క్యూబిక్ ఇంచుల కొత్త ఇంజన్ తెచ్చింది. మన లెక్కలో 1000 సీసీ. పైన హెడ్డు మీది కవర్లు పిడికిలి కణుపుల్లా ఉంటాయని జనం దానికి నకుల్‌హెడ్ అని పేరు పెట్టారు. బలం 40 హార్స్‌పవర్ దాకా. 1941లో అదే ఇంజన్‌ని 74 ఇంచులకి, అంటే 1200 సీసీకి పెంచారు. 1948లో అల్యూమినియం హెడ్లతో పాన్‌హెడ్ వచ్చింది.

తర్వాత అమెరికా రోడ్లే మారిపోయాయి. 1956లో ఐసెన్‌హోవర్ సంతకంతో ఇంటర్‌స్టేట్ హైవేలు మొదలయ్యాయి. ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి గంటల తరబడి ఒకే వేగంతో పోవడం మామూలైంది. బండి మీద పెట్టెలు, ముందు గాలి అద్దం చేరాయి. 1965లో బటన్ స్టార్ట్‌తో ఎలెక్ట్రా గ్లైడ్ వచ్చింది. స్టార్టర్ మోటారు, దానికి తగ్గ పెద్ద బ్యాటరీ ఎక్కాయి. సుఖం పెరిగిన ప్రతిసారీ బరువూ పెరిగింది. మరుసటి ఏడాదే, 1966లో, హెడ్లు మార్చి షవల్‌హెడ్ తీసుకురావాల్సొచ్చింది.

ఈరోజు ఇలాంటి టూరింగ్ బండి బరువు సుమారు 360 కిలోలు. ఇద్దరు మనుషులు, సామాను కలిపితే అర టన్ను దాటుతుంది. తమ్ముడి బండికి పికప్ లేదంటే ఆశ్చర్యమేముంది?

ఇంటి కింద గదిలో మొదలైన కంపెనీ

ఫ్యాక్టరీ ఇచ్చేదాకా ఆగని జనం ముందునుంచే ఉన్నారు. రెండో ప్రపంచ యుద్ధం కోసం హార్లీ సుమారు 90,000 మోటార్ సైకిళ్ళు తయారుచేసింది. యుద్ధంలో వాటిని నడిపి, బురదలో విప్పి బిగించిన కుర్రాళ్ళు తిరిగొచ్చి మళ్ళీ ఫ్యాక్టరీల్లో, షెడ్లలో పనికి కుదిరారు. పగలు లేత్ మీద కంపెనీ పని, సాయంత్రం సొంత బండి. పాత 80 ఇంచుల ఇంజన్ల నుంచి స్ట్రోక్ ఎక్కువున్న ఫ్లైవీళ్ళు తీసి 74 ఇంజన్లలో బిగించేవాళ్ళు. పిస్టన్ తిరిగే దూరం పెరిగి బలం పెరిగేది. వీటిని స్ట్రోకర్లు అన్నారు.

వాళ్ళలో జార్జ్ స్మిత్ ఒకడు. 1958లో స్టాన్లీ స్టాంకోస్ అనే స్నేహితుడితో కలిసి ఇల్లినాయ్‌లో ఎస్ అండ్ ఎస్ అనే చిన్న వ్యాపారం పెట్టాడు. మొదటి సరుకు ఇంజన్ కాదు, పుష్‌రాడ్లు. వాల్వుల్ని ఎత్తే సన్నటి కడ్డీలన్నమాట. తేలిగ్గా, గట్టిగా ఉండేవి. కొద్దికాలానికే స్టాంకోస్ తప్పుకుంటే, ఆ వాటాని స్మిత్ భార్య మార్జొరీ తీసుకుంది. పేరు మార్చే పనే పడలేదు. స్మిత్ అండ్ స్మిత్ అన్నా ఎస్ అండ్ ఎస్సే కదా! 1969లో విస్కాన్సిన్‌లోని వయోలా అనే పల్లెకి మారారు. హార్లీ పుట్టిన రాష్ట్రం కూడా అదే. కంపెనీ ఇప్పటికీ నడుస్తోంది.

నాకు ఈ కథలో నచ్చేది ఏంటంటే, వాళ్ళు ఒక కడ్డీతో మొదలుపెట్టారు. మొత్తం ఇంజన్ మార్చేస్తామని బయల్దేరలేదు.

ఫ్యాక్టరీ వెనకాలే వచ్చింది

జనం ఇళ్ళలో చేస్తున్న పని మీద డబ్బుందని కంపెనీకీ అర్థమైంది. 1980లలో హార్లీ తన సొంత పేరు మీదే స్క్రీమిన్ ఈగిల్ అనే విడిభాగాల వరుస మొదలుపెట్టింది. 1999 మోడళ్ళలో ట్విన్ క్యామ్ 88 ఇంజన్ వచ్చింది. 88 క్యూబిక్ ఇంచులు, 1450 సీసీ. మన తమ్ముడి బండిలో ఉన్నది ఇదే.

దీని బోరు 95.25 మిల్లీమీటర్లు. దాన్ని 98.4 చేస్తే ఇంజన్ 95 ఇంచులవుతుంది, దాదాపు 1550 సీసీ. పెంచింది మూడు మిల్లీమీటర్ల పైచిలుకు మాత్రమే. ఇంజన్ కింది భాగం, అంటే క్రాంక్ ఉన్న పెట్టె, విప్పక్కర్లేదు. పై సిలిండర్లు తీసి బోరు కొట్టించి పెద్ద పిస్టన్లు వేస్తే చాలు, లేదా రెడీమేడ్ సిలిండర్లు దొరుకుతాయి. ఆ కిట్‌ని కంపెనీయే డీలర్ల దగ్గర అమ్మింది.

103 ఇంచులకి పోవాలంటే మాత్రం స్ట్రోక్ కూడా పెంచాలి. అంటే క్రాంక్ మార్చాలి, ఇంజన్ మొత్తం దించాలి. అందుకే 88 బండ్లున్నవాళ్ళలో ఎక్కువమంది 95 దగ్గర ఆగారు.

తర్వాత ఏం జరిగిందో చూడండి. 2007లో ఫ్యాక్టరీ ఇంజన్ 96 ఇంచులు. 2012 నాటికి టూరింగ్ బండ్లన్నిటిలో 103. 2017 మోడళ్ళలో సిలిండర్‌కి నాలుగు వాల్వులతో మిల్వాకీ ఎయిట్, 107 ఇంచులు. నిన్న షెడ్డులో చేసిన పని రేపు షోరూమ్‌లో మామూలు సరుకైంది.

శబ్దం పెరిగింది, బలం పెరగలేదు

ఇప్పుడు నా సంగతి. నా దగ్గరా ఒక 88 ఉంది, కార్బొరేటర్ బండి, సెకండ్ హ్యాండ్. కొన్న మొదటి వేసవిలోనే తెలివి ప్రదర్శించి సైలెన్సర్లు మార్చేశా. ఇంకేమీ ముట్టుకోలేదు. చప్పుడు వీధి చివరిదాకా వినపడేది. యాక్సిలరేటర్ వదిలితే పటపటమని పేలేది. వెనక సిలిండర్ వేడికి తొడ కాలేది. బలం మాత్రం అంగుళం పెరగలేదు, కింది వేగంలో ఇంకా తగ్గింది. తప్పు బండిది కాదు, నాది.

మా వీధిలో రిటైరైన ఒక మెషినిస్టు పెద్దాయన ఉండేవాడు. ఆయన గరాజ్‌లో స్టూల్ వేసి కూర్చోబెట్టి అర్థమయ్యేలా చెప్పాడు. ఇంజన్ అంటే గాలి పంపు. లోపలికి గాలి, దానికి తగ్గ పెట్రోలు, బయటికి పొగ. మూడూ సరిపోవాలి. పొగకి దారి పెద్దది చేసి, పెట్రోలు పాత కొలతే ఉంచితే మిశ్రమం పలచబడుతుంది, ఇంజన్ వేడెక్కుతుంది. అందుకే మొదటి మెట్టులో ఎయిర్ ఫిల్టరు, సైలెన్సరు, పెట్రోలు సర్దుబాటు ఈ మూడూ కలిపే చేయాలి. రెండో మెట్టు క్యామ్. వాల్వులు ఎప్పుడు తెరవాలో, ఎంతసేపు తెరిచి ఉంచాలో చెప్పేది అదే. మూడో మెట్టు బోరు, పిస్టన్లు.

క్యామ్ దగ్గరే చాలామంది పొరపాటు చేస్తారు. పెట్టె మీద పెద్ద హార్స్‌పవర్ అంకె చూసి కొంటారు. అమెరికా లెక్కలో హార్స్‌పవర్ అంటే టార్క్‌ని ఆర్‌పీఎమ్‌తో గుణించి 5252తో భాగించడం. టార్క్ అంటే చక్రాన్ని తిప్పే పట్టు. ఆర్‌పీఎమ్ పెంచితే అంకె పెద్దదవుతుంది. కానీ టూరింగ్ బండి రోడ్డు మీద ఉండేది 2500, 3000 మధ్యలో. అక్కడ పట్టు ఇచ్చే క్యామ్ కావాలి. 5500 దగ్గర విజృంభించే క్యామ్ వేస్తే, గుట్ట మీద ముందుకన్నా నీరసంగా ఉంటుంది.

మరి 88ని 95 చేసి, మంచి క్యామ్ వేసి, ట్యూన్ చేస్తే ఎంతొస్తుంది? వెనక చక్రం దగ్గర సుమారు 62 హార్స్‌పవర్ ఉన్నది 75కి అటూఇటూగా వస్తుంది. కొలరాడోలో ఐసెన్‌హోవర్ సొరంగం సముద్ర మట్టానికి 11,000 అడుగులకి పైన ఉంది. ప్రతి వెయ్యి అడుగులకీ మామూలు ఇంజన్ దాదాపు మూడు శాతం బలం పోగొట్టుకుంటుంది. అంటే అక్కడ 62 కాస్తా 42 దగ్గరికి పడిపోతుంది. 75 అయితే 50 మిగులుతుంది. ఇద్దరు మనుషులతో లారీని దాటేటప్పుడు ఆ ఎనిమిదే ప్రాణం.

ఊరికే రాదు కూడా. సిలిండర్ పెద్దదైతే కంప్రెషన్ పెరుగుతుంది, మంచి ఆక్టేన్ పెట్రోలే పోయాలి. వేడి పెరుగుతుంది. దోహాలో, దమ్మామ్‌లో వినేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. గాలితో చల్లబడే ఇంజన్‌కి 45 డిగ్రీల ఎండలో, ట్రాఫిక్‌లో, ఈ అదనపు వేడి చిన్న విషయం కాదు. క్లచ్ మీదా భారం పడుతుంది.

పొగ లెక్క అడిగిన ప్రభుత్వం

ఇక రెండో ప్రశ్న. 1970లో క్లీన్ ఎయిర్ చట్టం వచ్చింది. 1978 మోడళ్ళ నుంచి మోటార్ సైకిళ్ళకీ పొగ పరిమితులు పెట్టారు. కంపెనీ బిగించిన పొగ నియంత్రణని పీకేయకూడదనే నియమం మొదట తయారీదారులకీ డీలర్లకీ ఉండేది. తర్వాత రిపేరు షాపులకి, 1990 సవరణలతో మామూలు మనిషికి కూడా వర్తించింది. అలా పీకేయడానికే పనికొచ్చే పరికరాలు తయారుచేసి అమ్మడం కూడా అప్పుడే నేరమైంది.

పెద్ద దెబ్బ 2016 ఆగస్టులో పడింది. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లలో పెట్రోలు కొలత కంప్యూటర్ చేతిలో ఉంటుంది. దాన్ని మార్చే సూపర్ ట్యూనర్ అనే పరికరాన్ని హార్లీయే డీలర్ల ద్వారా అమ్మింది, దాదాపు 3,40,000. అవి వాడితే అనుమతించినదానికన్నా ఎక్కువ కాలుష్యం వస్తుందని పర్యావరణ సంస్థ ఈపీఏ అంది. అవి రేసు కోసం అమ్మినవని కంపెనీ వాదించింది. చివరికి తప్పు ఒప్పుకోకుండానే 1.2 కోట్ల డాలర్ల జరిమానా కట్టడానికి, అమ్మకం ఆపడానికి, డీలర్ల దగ్గర మిగిలినవి వెనక్కి తీసుకోడానికి రాజీపడింది. ఇకమీదట అమ్మే ట్యూనర్లకి కాలిఫోర్నియా గాలి బోర్డు ధ్రువీకరణ ఉండాలన్నారు.

ఇది ఒక వైపు. ఇంకో వైపు చూడండి. బయటి కంపెనీ పార్టు వేస్తే వారంటీ పోతుందని కొన్నవాళ్ళని భయపెట్టకూడదని 1975 నాటి మాగ్నసన్ మాస్ చట్టం చెబుతోంది. 2022లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అదే హార్లీ మీద, వారంటీ కాగితాల్లోని అలాంటి షరతుల గురించి, చర్య తీసుకుంది. కంపెనీ ఆ మాటలు తీసేయాల్సొచ్చింది.

అంటే ఒకే దేశం, ఒకే కంపెనీకి రెండు మాటలు చెప్పింది. కొన్నవాడు తన బండి విప్పుకోకుండా నువ్వు ఆపలేవు. కానీ ఊరందరి గాలి పాడుచేసే పనిముట్టు నువ్వు అమ్మలేవు. నాకైతే ఈ రెండూ న్యాయంగానే అనిపిస్తాయి.

తమ్ముడికి నా జవాబు

తమ్ముడూ, పెంచుకోవచ్చు. 95 దాకా పెంచుకో, అక్కడ ఆగు. అంతకన్నా ముందు ఖర్చులేని పనులు చూడు. టైర్లలో గాలి సరిగ్గా ఉందా? కంప్రెషన్ కొలిపించావా? గుట్టెక్కేటప్పుడు అయిదో గేరులోనే లాగుతున్నావా? ఒక గేరు దించు. సగం మందికి పికప్ అక్కడే దొరుకుతుంది.

పార్టు కొనేముందు డబ్బా మీది చిన్న అక్షరాలు చదువు. రోడ్డు మీద వాడటానికి అనుమతి ఉన్నవి ఉంటాయి, రేసుకి మాత్రమే అన్నవి ఉంటాయి. రెండో రకం ముట్టుకోకు. ఇంటర్నెట్‌లో ఎవరో పంపిన ట్యూన్ ఫైలు ఎక్కించకు. బండిలో చేసిన మార్పు ఇన్సూరెన్స్ వాళ్ళకి చెప్పు. వీసా మీదున్నవాళ్ళం, మన పేరు ఏ కాగితంలోనూ ఎర్ర గీతతో పడకుండా చూసుకోవడం మన అవసరం.

డబ్బు సంగతి కూడా చెప్తా. నేను ఈ పని అడిగినప్పుడు షాపులో కూలీతో కలిపి మూడు వేల డాలర్ల దాకా చెప్పారు. అప్పుడే ఊళ్ళో మా ఇంటికి రెండో స్లాబ్ పడుతోంది. రాత్రంతా లెక్కలేసుకున్నా. మా ఆవిడ ఒకే మాటంది: "స్లాబ్ ఎండనీ, తర్వాత నీ ఇంజన్ సంగతి చూద్దాం." రెండు చలికాలాలు ఆగా. అప్పటికి పెద్దాయన గరాజ్‌లో ఆయన పనిముట్లతో సిలిండర్లు దించడం నేర్చుకున్నా. బోరు కొట్టడం ఒక్కటి మెషిన్ షాపుకి ఇచ్చి, మిగతాది మేమిద్దరం బిగించాం. ఖర్చు సగానికి దిగింది.

సిలిండర్లని షాపుకి తీసుకెళ్ళేటప్పుడు పాత తువ్వాలులో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నా. గోనెసంచీ, కరీంనగర్ బస్సూ గుర్తొచ్చాయి. ఆ రాత్రి నాన్నకి ఫోన్ చేసి, బోరు కొట్టిస్తున్నా అని చెప్పా. "బోరుకొచ్చిందా?" అని అడిగాడు. "లేదు నాన్నా, బాగానే ఉంది. ఇంకొంచెం లాగాలని" అన్నా. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మొదటి వెయ్యి కిలోమీటర్లు మెల్లగా పో" అన్నాడు.

మెల్లగానే పోయా. ఆ తర్వాతి వేసవిలో ఇద్దరం సొరంగం దాటి అవతలికి దిగాం. లారీని దాటినప్పుడు వెనక నుంచి మా ఆవిడ భుజం తట్టింది. భయపడి కాదులెండి.

మీ దగ్గరా ఇలాంటి బండి కథలుంటే, బుల్లెట్ అయినా, గల్ఫ్‌లో డెలివరీ బండి అయినా, వాయిస్ మెసేజ్ పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. జాగ్రత్తగా నడపండి.